నకారపొల్లునకు చోటు



పదుగురు వాడుకొను కంప్యూటరు ఏర్పాటును మార్చవలసినపుడెల్ల, పాత వ్రాతల గతి యేమని వాదము పుట్టుచుండును. ప్రోగ్రాములు వ్రాయు పైతాను భాష 2008లో మూడవ కూర్పున పాతదానితో పొత్తు వదలుకొనెను. రెండవ కూర్పునకు పోషణ 2020 జనవరి 1వ తేదీతో ముగిసెను. అంతవఱకు నొకయింట రెండు పొయ్యిలే!

యూనికోడు పట్టికవారు వేఱు త్రోవ పట్టిరి. అందు తెలుగునకు 128 గడులు కలవు. కొన్ని నేటికిని ఖాళీయే. ఒకమారు సంఖ్య యిచ్చిన యక్షరమును తీసివేయరు, కదల్పరు. ఈ నియమము విలువ మనోహరాబాదులో మా యింటనే తెలిసినది. మా యత్తగారు చెప్పగా వెనుకటి ఫాంటులో కూర్పించిన పిండివంటల పట్టిక, ఆ ఫాంటు లేని నేటి యంత్రమున తెఱచిన, ఇంగ్లీషు అక్షరముల గజిబిజిగా నున్నది. అడుగుదమన్న ఆమె యిప్పుడు లేరు.

పదము చివరి పొల్లు నకారమునకు పాత పుస్తకములలో ప్రత్యేకరూపము కలదు గదా! 2021లో పదునాలుగవ కూర్పున దానికొక ఖాళీ గడి యిచ్చిరి. నకారమునకు పొల్లు చేర్చి వ్రాసిన పూర్వపు పుటలు చెక్కుచెదరలేదు. చిక్కు లేకపోలేదు: ఒకే పదము రెండు విధముల నుండుటచే, వెదకునపుడు ఒకటి దొరికిన వేఱొకటి జాఱిపోవచ్చును. రెండుమార్లు వెదకుటకు నాకు విసుగు లేదు.