గోడ మీది సాక్ష్యం ఎవరిది?

స్త్రీల మీద హింసని మ్యూజియం చీకటి గదుల్లో గోడంత బొమ్మలుగా చూపించటం ఇవాళ మామూలైపోయింది. 'చైతన్యం పెరుగుతుంది కదా' అని, అడగ్గానే మన సంస్థలు కూడా బాధితుల రికార్డింగులు ఇచ్చేయటానికి సిద్ధపడతాయి. ఎవరి చైతన్యం?

వీడియో ఇన్‌స్టలేషన్లే వద్దనటంలేదు నేను. నళినీ మలానీ 2005లో చేసిన 'మదర్ ఇండియా' అయిదు తెరల మీద నడుస్తుంది. దేశ విభజన నాటి స్త్రీల వేదన గురించి వీణా దాస్ రాసిన వ్యాసం దానికి ప్రేరణ. (సామాజికశాస్త్ర వ్యాసం గోడెక్కటం నాబోటి వాళ్ళకి సంతోషమే!) 2007లో అమర్ కన్వర్ 'ది లైట్నింగ్ టెస్టిమొనీస్'కి ఎనిమిది తెరలు వాడాడు. 1947 నాటి అపహరణల నుంచి మణిపూర్ స్త్రీల నిరసన దాకా అందులో వున్నాయి. ఒక తెర చూస్తుంటే మరొకటి తప్పిపోతుంది. అంతా చూసేశాం, అర్థమైపోయింది అనుకునే వీల్లేదు. మన సినిమాలు అత్యాచారాన్ని చూపే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

నా తగువల్లా హక్కుల గురించి. ఇలాంటి వీడియోలని చాలాసార్లు నాలుగైదు ప్రతులకి పరిమితం చేసి అమ్ముతారు. కొన్నవాళ్ళు పెట్టినప్పుడే ప్రదర్శన. సాక్ష్యం చెప్పినామెకి ప్రతి వుండదు. ఆ గది దాకా రావటానికి బస్సు చార్జీ వుండదు. వచ్చినా గోడ పక్కన వివరం ఇంగ్లీషులో. కేసు కోసం ఎప్పుడో వేలిముద్ర వేసినామె, పదడుగుల ముఖమై వెలగటానికి కూడా ఒప్పుకున్నట్టేనా?

రికార్డింగు ఇచ్చేముందు ఆమెని మళ్ళీ అడగాలి. కూర్పు పూర్తయ్యాక ఆమె భాషలో ఆమెకే ముందు చూపించాలి. వద్దంటే, ఏ దశలోనైనా సరే, తీసేయాలి. ఒక ప్రతి ఆమె సంఘం దగ్గర వుండాలి. ఊరి బడి గోడ మీద వేసుకోవటానికి మామూలు ప్రొజెక్టర్ ఒకటి చాలు.