ఎలుక కంటి సాక్ష్యం: ఎంతవరకు నమ్మవచ్చు?

ఎలుక అనగానే మన గోదావరి డెల్టా రైతుకు స్ఫురించేది వరిచేలో పెట్టే ఎలుకబుట్ట. అయితే ఆ ఎలుక దాయాదులు ప్రయోగశాలల్లో మనకొక మేలు చేస్తున్నాయి. నేత్రవ్యాధులకు పనికివస్తాయనుకునే ఔషధాలకు తొలి పరీక్ష చాలావరకు వాటి కంటిలోనే జరుగుతుంది. "మా చూర్ణం మధుమేహం నుండి కంటిని కాపాడుతుందని శాస్త్రీయంగా రుజువైంది" వంటి మాటలు కరపత్రాలలో చదువుతూ ఉంటాం. ఆ రుజువు మనిషి కంటిలో దొరికిందా, ఎలుక కంటిలోనా, ఎలా చూసి చెప్పారు అన్నది మాత్రం వాటిలో కనబడదు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

మన వంటింటి పసుపునే తీసుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. గెలాక్టోజ్ అనే చక్కెర పెట్టి శుక్లం కలిగించిన ఎలుకలలో, ఆహారంలో 0.002 శాతం కర్క్యుమిన్ కలిపినప్పుడు శుక్లం ఆలస్యమైంది. 0.01 శాతం కలిపినప్పుడు ముదరడం త్వరితమైంది! అదే సంస్థ 2005లో మధుమేహం కలిగించిన ఎలుకలపై చేసిన పరిశోధనలో పసుపు, కర్క్యుమిన్ శుక్లాన్ని నెమ్మదింపజేశాయి. కాని రక్తంలోని చక్కెరను తగ్గించలేదు. మోతాదు స్పష్టంగా వ్రాయబట్టే ఈ వివేకం మనకు దక్కింది.

2011లో వెలువడిన మరొక భారతీయ అధ్యయనంలో రెటీనాను కాపాడటానికి ఎలుకలకు ఇచ్చిన కర్క్యుమిన్ మోతాదు, కిలో శరీర బరువుకు రోజుకు 1 గ్రాము. శరీర వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తే 60 కిలోల మనిషికి ఇది సుమారు 10 గ్రాములు. పసుపులో కర్క్యుమిన్ 3 శాతం ఉందనుకుంటే, రోజుకు మూడువందల గ్రాములకు పైగా పసుపు తినాలి. "పసుపు రెటీనాకు మేలు" అన్న ఒక్క వాక్యంలో ఈ లెక్క కనిపిస్తుందా?

రెటీనా విషయంలో చిక్కు మరింత ఎక్కువ. శుక్లం కంటి ముందుభాగంలో కనబడుతుంది. రెటీనా లోపలి పొర కనుక దానిని తరచుగా చిత్రాల ద్వారా చూస్తారు. 1991లో లోకానికి పరిచయమైన ఓ.సి.టి. పద్ధతి దాని పొరల మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది. అయితే ఆ కొలత అనేక కారణాలవల్ల మారుతుంది. తెల్ల ఎలుక కంటిలో వర్ణకం ఉండదు, తీవ్రమైన వెలుతురే దాని రెటీనాను దెబ్బతీస్తుంది. చిత్రం తీయడానికిచ్చే మత్తుమందువల్ల కటకం తాత్కాలికంగా మసకబారవచ్చు. ఒక రకం ప్రయోగశాల చిట్టెలుకలలో పుట్టుకతోనే రెటీనా లోపం ఉన్నట్లు 2012లో వెల్లడైంది. ఇది తెలియకపోతే జన్యులోపాన్ని వ్యాధిగా భ్రమించవచ్చు. పైగా మనిషికి సూక్ష్మదృష్టినిచ్చే మాక్యులా ఎలుక కంటిలో లేనే లేదు.

అందువల్ల ఎలుక రెటీనా చిత్రాలతో ఫలితం ప్రకటించే ప్రతివారూ ఈ వివరాలు ఒకే పద్ధతిలో చెప్పాలని నేను కోరుతున్నాను:

1. ఎలుక జాతి, వయస్సు, లింగం, అది పెరిగిన చోట వెలుతురు.

2. మత్తుమందు పేరు, మోతాదు. కన్ను ఎండకుండా తీసుకున్న జాగ్రత్త.

3. యంత్రం పేరు, రెటీనాలో ఏ భాగాన్ని ఎలా కొలిచారు.

4. పనికిరావని తీసివేసిన చిత్రాలెన్ని, ఎందుకు.

5. ఏ ఎలుకకు మందు ఇచ్చారో కొలిచినవారికి తెలుసా, తెలియదా.

6. మందు ఏ భాగం నుండి, ఎలా తయారైంది, ఎంత ఇచ్చారు.

ఇది కొత్త కోరిక కాదు. జంతు పరిశోధనలన్నిటికీ 2010లో "ఎరైవ్" నియమావళి వచ్చింది, 2020లో దానిని సవరించారు. మనుషుల ఓ.సి.టి. కొలతలు ప్రకటించడానికి 2016లో "అపోస్టెల్" సూచనలు వచ్చాయి. ఈ రెండింటినీ కలిపి ఎలుక కంటికి తగినట్లు అమర్చి, పత్రికలూ నిధులిచ్చే సంస్థలూ తప్పనిసరి చేయాలి.

దీనివల్ల ఆయుర్వేదానికి నష్టమని కొందరు శంకిస్తారు. నాకు అలా తోచదు. ద్రవ్యం, మాత్ర, కాలం, అనుపానం చెప్పనిదే ఔషధం చెప్పినట్లు కాదని మన వైద్యం ఏనాడో నేర్పింది. మందుకు కోరిన ఈ నియమాన్ని దాని రుజువుకు కూడా కోరుతున్నాం, అంతే. వివరాలు దాచిన రుజువువల్ల మంచి మూలికకే చెడ్డపేరు వస్తుంది.

పాఠకులకు ఒక మనవి. మధుమేహంవల్ల రెటీనా దెబ్బతిన్నా తొలిదశలో చూపు బాగానే ఉంటుంది. ఆ సమయంలో కరపత్రాన్ని నమ్మి పరీక్ష మానితే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. కూరలో పసుపు వేసుకోండి, సంతోషం. కాని మధుమేహం ఉన్నవారు రాజమహేంద్రవరంలో ఉన్నా లంక గ్రామంలో ఉన్నా, సంవత్సరానికొకసారి కనుపాపను విప్పార్చి చేసే రెటీనా పరీక్ష తప్పక చేయించుకోండి. ఎవరైనా "రుజువైంది" అంటే, "ఎవరి కంటిలో? ఎంత మోతాదుతో? ఎలా చూశారు?" అని మర్యాదగానే అడగండి.