ఒకే ఉప్పల్, మూడు నంబర్ ప్లేట్లు: టేబుల్‌ని ఎక్కడ కోయాలి?

ఉప్పల్ రింగ్‌రోడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. ఏపీ 29, టీఎస్ 08, టీజీ 08 మూడూ కనిపిస్తాయి. మూడూ ఈ ఏరియావే. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ. పాత ప్లేట్లు అలాగే తిరుగుతున్నాయి.

ఇప్పుడు బండ్ల రికార్డులకి మనమే ఒక టేబుల్ కడుతున్నాం అనుకుందాం. వరుసలు కోటి దాటేసరికి టీమ్‌లో ఎవరో ఒకరు "పార్టిషన్ చేసేద్దాం" అంటారు. అంటే పైకి ఒకే టేబుల్, లోపల చిన్న చిన్న ముక్కలు. కోడ్ ప్రకారం కోస్తే, బండి నంబర్ ఇవ్వగానే డేటాబేస్ టీఎస్ 08 ముక్క ఒక్కటే తెరుస్తుంది, మిగతావాటి జోలికి పోదు. దీన్నే ప్రూనింగ్ అంటారు. బాగుంది కదా?

కానీ ఓనర్ ఫోన్ నంబర్‌తో వెతికారనుకోండి. అది ఏ ముక్కలో ఉందో తెలీదు కాబట్టి అన్ని ముక్కల ఇండెక్సులూ చూడాలి. కోయకుండా ఉంటే ఒక్క ఇండెక్స్‌తో అయిపోయే పని! బీ-ట్రీ ఇండెక్స్ గొప్పతనం అదే: డేటా పదింతలైనా దాని ఎత్తు మహా అయితే ఒక మెట్టు పెరుగుతుంది. ఒక్క వరుస వెతకడానికి పార్టిషన్ వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఇంటర్వ్యూల్లో మాత్రం "స్పీడ్ కోసం సార్" అనే ఆన్సరే వినిపిస్తుంది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్ బిల్లింగ్ చూసే తమ్ముడు ఈమధ్య అడిగాడు: "అన్నా, రోజుకో పార్టిషన్ పెట్టేస్తే?" పదేళ్లకి 3,650 ముక్కలు. పోస్ట్‌గ్రెస్‌లో ఇప్పుడు వాడే పార్టిషనింగ్ 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో ముక్కలు వేలల్లో ఉంటే క్వెరీ నడవడం కన్నా దానికి ప్లాన్ వేయడానికే ఎక్కువ టైమ్ పట్టేది. 2019లో వచ్చిన 12 దాన్ని చాలా మెరుగుపరిచింది. అయినా ముట్టుకున్న ప్రతి ముక్క వివరాలనూ ప్రతి కనెక్షన్ తన మెమరీలో విడిగా పెట్టుకుంటుంది. నెలకొకటి చాలన్నాను, అదీ పాత బిల్లులు తీసేయాల్సి వస్తేనే. లక్షల వరుసల్ని డిలీట్ చేస్తూ కూర్చునే బదులు పాత ముక్కని డ్రాప్ చేస్తే క్షణాల్లో పోతుంది. పార్టిషన్ అసలు బలం అక్కడుంది.

స్పీడ్ పక్కన పెట్టండి, నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లోనైనా మైఎస్‌క్యూఎల్‌లోనైనా యూనిక్ రూల్ పెట్టాలంటే పార్టిషన్ కీ అందులో కలవాల్సిందే. కోడ్‌తో కోసిన మన టేబుల్లో ఇంజిన్ నంబర్ ఒక్కదాన్నే యూనిక్ అనలేం. కోడ్, ఇంజిన్ నంబర్ కలిపి అనాలి. దొంగ బండి అదే ఇంజిన్ నంబర్‌తో టీఎస్ 08లో ఒకసారి, టీజీ 08లో ఇంకోసారి ఎక్కినా డేటాబేస్ నోరెత్తదు.

పోనీ జిల్లాతో కోద్దామా? 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, ఉప్పల్ రంగారెడ్డి నుంచి మేడ్చల్-మల్కాజిగిరికి వెళ్లింది. 2019లో ఇంకో రెండు. కీ మారితే వరుసని ఒక ముక్కలోంచి తీసి ఇంకో ముక్కలో పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ 10 ఆ అప్‌డేట్‌కి ఎర్రర్ ఇచ్చేది, 11 నుంచే ఒప్పుకుంది.

నేనైతే బండ్ల టేబుల్‌ని కోయను, ఇండెక్సులతో సరిపెడతాను. సిగ్నల్ కెమెరాల లాగ్ లాంటిదైతే తేదీ మీద నెలనెలా కోస్తాను. ఆ తేదీ మారదు, వెతికేవాళ్లు ఎక్కువగా తేదీ చెప్పే వెతుకుతారు, పాతది ఎలాగూ పారేయాలి.