నలభై శాతం పోయినా మిగిలే అడ్డంకి

2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన పత్రికలు ఒక్క వాక్యంలో తేల్చేశాయి: 40 శాతం వైకల్యం లేకపోయినా పరీక్షలో స్క్రైబ్ (అభ్యర్థి తరఫున జవాబులు రాసే సహాయకుడు) దొరుకుతారని. కోర్టు కొత్తగా రాయితీ ఏదో ఇచ్చిందన్న ధోరణిలో రాశాయి. అది రాయితీ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మొదటి నుంచీ ఉన్న హక్కు.

'బెంచ్‌మార్క్ వైకల్యం' పేరుతో ఆ చట్టం పెట్టిన 40 శాతం కొలతకు అసలు చోటు ఆరో అధ్యాయం. ఉన్నత విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల సంగతి అక్కడుంది. సీట్లు, పోస్టులు పరిమితం కాబట్టి అక్కడ ఏదో ఒక గీత గీయక తప్పదు. చదువు గురించిన మూడో అధ్యాయంలో ఆ గీత లేదు. సెక్షన్ 17 'వైకల్యం ఉన్న విద్యార్థులు' అని మాత్రమే అంటుంది. వాళ్లకు అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల మినహాయింపు ఇవ్వాలని పేరుపేరునా చెబుతుంది. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఈ తేడానే విడమరిచింది. సదుపాయాన్ని కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో అర్హులకు దాన్ని నిరాకరించరాదని కూడా చెప్పింది. అయినా మన దగ్గర సదరం వైకల్య ధ్రువపత్రంలో ఎంత శాతం వేశారన్నదే మొదటి ప్రశ్న.

డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం) ఉన్న పిల్లలకు శాతం గొడవ తీరినా పని పూర్తికాదు. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాలు చూపు లేనివారికి, రెండు చేతులూ పనిచేయనివారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి అడిగితే చాలు స్క్రైబ్‌ను ఇమ్మన్నాయి. మిగతావాళ్లు 'రాయడానికి శారీరక పరిమితి' ఉందని డాక్టరు సర్టిఫికెట్ తేవాలన్నాయి. 2022 ఆగస్టు 10 నాటి ఉత్తర్వు 40 శాతం లోపు వారికి తలుపు తెరిచింది, కానీ 'రాయడంలో ఇబ్బంది' అన్న షరతుతో. డిస్‌లెక్సియా పిల్లవాడి చేతికి ఏ లోపమూ లేదు. వాడికి కష్టం ప్రశ్నపత్రం చదవడంలో. చేతిని పరీక్షించే డాక్టరు ఆ కాగితం మీద నిజాయితీగా ఎలా సంతకం పెడతాడు? పదో తరగతిలో తెలుగు, హిందీ, ఇంగ్లిషు అంటూ మూడు లిపులతో కుస్తీ పట్టే పిల్లలు మనవాళ్లు. వాళ్లకు కావలసింది ప్రశ్న చదివి వినిపించే మనిషి, గంటకు 20 నిమిషాల అదనపు సమయం.

సెక్షన్ 17లో 'శారీరక' అన్న షరతే లేదు. చట్టం షెడ్యూలు డిస్‌లెక్సియాను పేరు పెట్టి గుర్తించింది. అలాంటప్పుడు చట్టంలో లేని షరతును ఒక కార్యాలయ ఉత్తర్వు ఎలా చేరుస్తుంది? 2022 ఉత్తర్వును సవరించాలని గుల్షన్ కుమార్ తీర్పులో కోర్టు ఆదేశించింది. ఆ సవరణ శాతాన్ని తీసేసి ఊరుకుంటే చాలదు. 'చదవడంలో ఇబ్బంది' అన్న మాట అందులో చేరాలి. దాన్ని ధ్రువీకరించే అధికారం అభ్యసన వైకల్యాన్ని అంచనా వేయగల నిపుణుడికి ఉండాలి.