చెఱువు అడుగునీరు ఎవరిది?

కఱవు వచ్చినప్పుడెల్ల వరుణదేవునిపై నేరము మోపుట మనకు వాడుకయైనది. వాన కురిపించుట మన చేతిలోని పని కాదు, నిజమే. కాని కురిసిన నీరు చెఱువులో నెన్నాళ్లు నిలువవలెనో, అది ముందెవరికి దక్కవలెనో నిర్ణయించుట మన పనియే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల చెఱువులు వేసవిలో ఎండుచున్నవని యందఱు ననుచున్నారు. మనమే వానిని ఎండబెట్టుచున్నామని మేము చెప్పుచున్నాము.

మన సీమకు ముఖ్యమైన వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. జనవరిలో చెఱువున నిలిచిన నీరే మరల వానకాలము వచ్చువఱకు పశువులకును, ఊరిబావులకును ఆధారము. అయినను ఆ నీటిని కొలిచి లెక్క వేయువారేరి? మొదటిపైరు కోతకు రాగానే పలుకుబడిగల నలుగురు ఎడగారు వరి నాటుదురు. నాటినపిమ్మట పైరెండుచున్నదని మొఱపెట్టి తూము తెఱపింతురు. తూమునకందని అడుగునీటిని సైతము ఇంజనులతో తోడుకొందురు. ఆపైని ఊరి స్త్రీలు బిందెలు పట్టుకొని నీళ్ల ట్యాంకరుకై యెదురుచూతురు. నలుగురి గాదెలు నిండుటకు ఊరెల్ల దప్పిగొనుట యే ధర్మము?

ఈ విషయము మన పూర్వు లెఱుగనిది కాదు. ఉదయగిరి నేలిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్లయందు పెద్దచెఱువు కట్టించెను. ఆ పనికి దినమునకు వేయిమంది కూలివాండ్రును, నూఱు బండ్లును, రెండేండ్ల కాలమును పట్టినట్లు 1369వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. చెఱువునకు వలయు సాధనములు పండ్రెండనియు, దోషములు ఆఱనియు ఆ శాసనమే లెక్కించినది. నీరు స్వల్పమై నేల విస్తారమగుట ఆ దోషములలో నొకటి. కఱవునాడు ఎడగారు వరి నాటువారు ఆ దోషమును చేజేతుల కల్పించుచున్నారు.

చేరువనే పెన్నపై 78 టి.ఎం.సి.లు పట్టు సోమశిల జలాశయ ముండగా భయమేల యని కొంద ఱందురు. అది పల్లమున నున్నది. ఎత్తిపోయనిదే ఆ నీరు ఉదయగిరి మెట్ట కెక్కదు. నిలిపిన నీరు ఎండకు ఆవిరియగును గదా యని మఱికొంద ఱందురు. ఆవిరియగు మాట నిజమే. కాని కొంత నీరు నేలలోని కింకి బావులను నిలుపును. చెఱువెండినకొలది మనము బోరుల లోతు పెంచుచున్నాము. రాతిలోతులనుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండు ప్రమాదము గలదు. నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు రోగమును వైద్యులు 1937లోనే ప్రకటించిరి. బిడ్డల పండ్లకు గారపట్టుటయు, పెద్దల నడుములు వంగుటయు చూచియు మన మింకను మేలుకొనకున్నాము.

1997లో నీటి వినియోగదారుల సంఘములకు చట్టము వచ్చినది. అందు వోటు ఆయకట్టుదారులది. బిందె మోయు నిరుపేద స్త్రీకిని, నేలలేని గొఱ్ఱెల కాపరికిని అం దేమి మాట గలదు? నీరు భూమిగలవారి సొత్తను తలంపు తొలగనిదే చట్టములవలన ఫలము లేదు.

కావున మేము కోరున దిది. ఏటేట సంక్రాంతిలోపల గ్రామసభ కూడి, తూమువద్ద నీటిమట్టమును కొలిచి, మనుష్యులకు పశువులకు వలయు నీరెంతయో తేల్చి, ఆ మట్టమున రాతిపై గీత గీయింపవలెను. నీరు గీతకు దిగగానే తూము మూయవలెను. గీతకు పైనున్న నీటితో జొన్నయు, సజ్జయు, పెసరయు పండింతురు గాక. కఱవేట వరి కూడదు. చెఱువెండిన యేడు పూడికతీసి లోతుచేయవలెను.

చదువరులారా! తూము తెఱపించువారు పరాయివారు కారు. మన తండ్రులు, అన్నదమ్ములు, మామలు. సభలో నడుగుటకు ముందు మన యింటి పెద్దలనే యడుగుదము: ఈయేడు మనము ఎడగారు మానుదుమా?