నీరాకు ఐసే రక్ష
ఇంట్లో బీరు పులియబెట్టేవాళ్లు ఏల్ రకానికి 18–22 డిగ్రీలు, లాగర్‌కు 8–13 డిగ్రీలు దాటకుండా కాపు కాస్తారు. వేడెక్కితే ఈస్టు రెచ్చిపోయి రుచి చెడుతుంది. తమిళనాడులోని ఉడుమలైపేట కొబ్బరి తోటల్లో మాత్రం ఉష్ణోగ్రత చెడగొట్టేది రుచిని కాదు, రైతునే. ఆ రాష్ట్రంలో 1987 నుంచి కల్లు నిషేధం (ప్రభుత్వ మద్యం దుకాణం టాస్మాక్‌లో బీరుకు ఏ అడ్డూ లేదనుకోండి!). కొబ్బరి పూగుత్తి నుంచి కారే పులియని రసం నీరాకు మాత్రం 2017లో అనుమతి వచ్చింది. కానీ లొట్టిలో పడ్డ చుక్కను గాలిలోని ఈస్టు వెంటనే అందుకుంటుంది. ఎండ ముదిరితే పొద్దున నీరా అయినది మధ్యాహ్నానికి నిషిద్ధమైన కల్లు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం మందగిస్తుంది, కానీ రుచి మారుతుంది. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఇందుకే కోకో-సాప్ చిల్లర్ రూపొందించింది: పూగుత్తి కోసిన చోటే తగిలించే ఐసు పెట్టె, రసం కారుతూనే చల్లబడుతుంది. అలా తీసిన రసానికి కల్పరస అని పేరు. ఉడుమలైపేట తెలుగు, తమిళ రైతులకు లైసెన్సు కాగితం చేతిలో పెట్టి ఊరుకుంటే చాలదు. చెట్టెక్కే మనిషికి ఆ పెట్టె, ఊళ్లో చల్లబరిచే కేంద్రం, పట్నం దాకా చల్లటి బండి కూడా ప్రభుత్వమే సమకూర్చాలి. ఐసు ఖర్చు గీత కార్మికుడి నెత్తిన వేస్తే ఎవరూ చెట్టెక్కరు.