రెండో కాన్పుకు ముందే ఆ మాట చెప్పండి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో రెండో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇంటికీ ఈ విన్నపం.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. బాలింత రాత్రుళ్లు రెప్ప వేయకపోయినా, పుట్టిన బిడ్డ తన బిడ్డే కాదన్నా, పొంతన లేని మాటలు మాట్లాడినా చూసేది కన్నతల్లే. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా గుట్టుగా డాక్టరుకు చూపిస్తారు. తగ్గిపోతుంది. అత్తవారికి మాత్రం నీరసం అని చెబుతారు. రెండో కాన్పు అత్తవారి ఊళ్లోనో, మరో ఆసుపత్రిలోనో జరుగుతుంది. అక్కడ డాక్టరుకూ తెలియదు, అత్తగారికీ తెలియదు. పిల్ల కాపురం ఏమవుతుందోనన్న భయంతో దాచిన ఆ మాటే ఇప్పుడు ఆ పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది.

పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అనే ఈ జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికే వస్తుంది. ఒకసారి వచ్చినవారికి మాత్రం తర్వాతి కాన్పులో ఇంచుమించు ఇద్దరిలో ఒకరికి తిరగబెట్టవచ్చు. చాలామందిలో మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవారికీ అది మళ్లీ వచ్చే అవకాశం మిగతా తల్లులకంటే ఎక్కువ. ఎప్పుడు రావచ్చో ముందుగానే తెలిసే జబ్బులు ఎన్నో లేవు. ఇది అలాంటిది, కాబట్టి సిద్ధంగా ఉండొచ్చు.

రెండో బిడ్డను కనొద్దని అనడం లేదు. కనాలనుకున్నప్పుడే సైకియాట్రిస్టును కలవండి. వాల్‌ప్రోయేట్ వంటి మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి, వాటిని ముందే మార్చాలి. అలాగని వాడుతున్న మందు సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. కొందరికి కాన్పైన వెంటనే నివారణ మందు మొదలుపెడతారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకోండి, ఎవరూ కాదనరు; మందు మాత్రం మానకండి. రాత్రిపూట బిడ్డను ఇంట్లో మరొకరు చూసుకుని తల్లిని నిద్రపోనివ్వండి. ఈ పని భర్త చేయాలి.

ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు ఒక మాట. రెండో కాన్పు గర్భిణిని పరీక్షకు తెచ్చినప్పుడు, మొదటి కాన్పు తర్వాత మనసు ఎలా ఉందో ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఆమె ఒప్పుకుంటే కార్డు మీద రాయండి.

ఆసుపత్రిలో చేర్పిస్తే బిడ్డను లాక్కుంటారని భయపడేవారున్నారు. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే ప్రత్యేక వార్డు 2009 నుంచే నడుస్తోంది.

సందేహం వస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. బాలింతకు నిద్ర పట్టకుండా మాట తీరు మారితే తెల్లారేదాకా ఆగకండి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి, 108ని పిలవండి. వానాకాలంలో లంక గ్రామాల నుంచి బయటపడటం ఎంత కష్టమో మీకు తెలుసు. ఏ డాక్టరు దగ్గరికి, ఏ బండిలో వెళ్లాలో, బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో ఎనిమిదో నెలలోనే పుట్టిల్లూ అత్తిల్లూ కలిసి కూర్చుని అనుకోండి.